తీసేది పాలిష్, వేసేది వ్యాక్స్

(విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆదివారం ఉదయం కారు పనివాళ్లు, డ్రైవర్లు, కార్ల యజమానులు కలిసి కూర్చున్నప్పుడు, చాలా ఏళ్లుగా పాలిషింగ్ పనిలో ఉన్న ఒక మేస్త్రి మాట్లాడిన మాటలకు అక్షర రూపం.)

అందరికీ నమస్కారమండి. ఎండెక్కితే ఈ పని గురించి మాట్లాడగలమేమో కానీ చేసి చూపించలేం. అందుకే ఎనిమిదింటికే రమ్మన్నాను. ఆదివారం పూట నిద్ర మానుకుని వచ్చారు, చాలా సంతోషం.

బల్ల మీద ఒక బానెట్ ఉంది చూడండి. నల్ల కారుది, స్క్రాపు కొట్లో కొన్నాను. మధ్యలో టేపు వేసి రెండు భాగాలు చేశాను. ఎడమవైపు నిన్న చేత్తో రుద్దాను, గంటన్నర పట్టింది. కుడివైపు మిషన్ పెట్టాను, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ట్యూబులైటు కింద రెండూ ఒకేలా మెరుస్తున్నాయి కదా? తమ్ముడూ, ఆ లైటు ఆపు. ఇప్పుడు టార్చి వేస్తున్నాను, దగ్గరికి రండి. ఎడమవైపు వెలుగు చుట్టూ సాలెగూడులా గుండ్రంగా సన్న గీతలు కనిపిస్తున్నాయా? అవి పోలేదు. కాస్త పలచబడ్డాయి, అంతే. కుడివైపు ఆ గూడు లేదు. కానీ ఈ అంచు దగ్గర నా వేలు ఉన్న చోట చూడండి, పెసరగింజంత బూడిదరంగు మచ్చ. అది నేను కావాలనే చేశాను. మిషన్‌ని ఆ అంచు మీద కదపకుండా కాసేపు ఆపాను. రంగు కింద ఉండే ప్రైమరు పొర బయటపడింది. ఇక దాన్ని ఏ పాలిషూ బాగుచెయ్యలేదు, మళ్లీ పెయింటు వెయ్యాల్సిందే.

చెయ్యి మంచిదా, మిషన్ మంచిదా అని నన్ను అడిగేవాళ్లు చాలామంది. నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ పనికి?

మన దగ్గర ఒక అలవాటుంది. కారు సర్వీసింగుకి ఇచ్చేటప్పుడు ‘వ్యాక్స్ పాలిష్ కూడా కొట్టెయ్యండి’ అంటాం, అదంతా ఒకే పని అయినట్టు. అవి రెండూ వేరు వేరు పనులండి. మా అమ్మ పండక్కి ముందు ఇత్తడి బిందెలు చింతపండూ ఇటుకపొడీ వేసి తోమేది. తళతళలాడేవి. చిలుము పోయేది, చిలుముతో పాటు కాస్త ఇత్తడి కూడా పోయేది. ఏళ్ల తరబడి తోమిన బిందె అంచు చేతికి తగిలితే తెలుస్తుంది, ఎంత అరిగిందో. పాలిష్ అంటే అది, తీసే పని. తలకి నూనె రాసుకుంటాం. నాలుగు రోజులు ఉంటుంది, పోతుంది, మళ్లీ రాసుకుంటాం. జుట్టులో ఏమీ తరగదు. వ్యాక్స్ అంటే ఇది, వేసే పని. తీసే పనికి ఒక లెక్క ఉండాలి. వేసే పనికి ఓపిక ఉంటే చాలు.

ఆ లెక్క ఎందుకంటే, ఇత్తడి బిందెకి ఉన్న మందం కారు పెయింటుకి లేదు. ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి, తుప్పు పట్టకుండా ఒక పొర పట్టిస్తారు. దాని మీద ప్రైమరు. దాని మీద రంగు. అన్నిటికంటే పైన క్లియర్ కోటు, రంగులేని పొర. మెరుపంతా దానిదే. ఇవన్నీ కలిపితే సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 40, 50. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అంటే వెంట్రుక కంటే పలచటి పొర మీద మనం మిషన్ ఆన్ చేసి పెడుతున్నాం.

గట్టి కాంపౌండు, అంటే గరుకు పొడి కలిసిన పాలిష్ ముద్ద, వేసి ఒకసారి మిషన్ కొడితే రెండు మూడు మైక్రాన్లు పోతాయి. సన్న పాలిష్‌తో అయితే ఒక మైక్రాన్ కూడా పోదు. రెండు మూడే కదా అనుకోవద్దు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపే మందు ఆ క్లియర్ కోటులోనే కలిపి ఉంటుంది. పొర పలచబడితే ఆ కాపలా కూడా పలచబడుతుంది. కొన్ని కార్లకి రూఫు మీద, బానెట్ మీద చేప పొలుసుల్లా పెచ్చులు లేస్తాయి, మీరందరూ చూసే ఉంటారు. దానికి ఎండ ఒక కారణం. అవసరం లేకపోయినా చేయించిన బఫింగులు, అంటే మిషన్ పాలిష్‌లు, ఇంకో కారణం. అందుకే ఆరు నెలలకోసారి ఫుల్ బఫింగ్ అనే ప్యాకేజీని నేను ఒప్పుకోను. గట్టి కాంపౌండు పని ఒక కారు జీవితకాలంలో రెండు సార్లు, మహా అయితే మూడు సార్లు. అంతకంటే ఎక్కువ చేయించమని ఎవరు చెప్పినా, ముందు పెయింటు మందం కొలిచే మీటరు పెట్టి చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. అది మీ కారు.

నేను పని నేర్చుకున్నది గుంటూరులో, ఒక టింకరింగ్ షెడ్డులో. 1990ల మధ్యలో అనుకోండి. అప్పట్లో షెడ్డు నిండా అంబాసిడర్లే. మా గురువుగారు వాటిని చేత్తోనే రుద్దేవారు, ఒక్కో కారుకి రెండు రోజులు. ఆ పెయింటుకి పైన క్లియర్ కోటు లేదు, రంగే పై పొర. ఎండకి వెలిసిపోయిన రంగు గుడ్డకి అంటుకుని వచ్చేసేది, కింద నుంచి కొత్త రంగు లేచేది. మెత్తటి పెయింటు, మందంగా ఉండేది. చెయ్యి సరిపోయేది. ఆయన వేళ్లతో రుద్దనిచ్చేవారు కాదు. ‘వేళ్లతో నొక్కితే నాలుగు వేళ్లకీ నాలుగు చాళ్లు పడతాయిరా, అరచెయ్యి వాడు’ అనేవారు. గుడ్డని నాలుగు మడతలు వేసి, అరచేతి కింద పెట్టి, నిలువుగా కొంతసేపు, అడ్డంగా కొంతసేపు. గుండ్రంగా తిప్పితే చేతి మీద ఒక్కటిచ్చేవారు. ఆయన చెప్పిన ఆ అరచేతి మాట ఇప్పటికీ నిజమే. చేత్తో చేసేటప్పుడు ఫోమ్ ప్యాడ్ వాడమని ఇవాళ మనం చెప్పేది అందుకే. వేళ్ల ఒత్తిడిని ప్యాడ్ అంతటా సమంగా పంచుతుంది.

మీ కారుకి క్లియర్ కోటు ఉందో లేదో తెలుసుకోవాలంటే, డిక్కీ తలుపు లోపలి అంచున కనపడని చోట ఒక గుడ్డ మీద కాస్త పాలిష్ వేసి రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే లేదు, అంటకపోతే ఉంది. తెల్ల కారుకి ముదురు రంగు గుడ్డ వాడండి, అప్పుడు తెలుస్తుంది.

ఇప్పటి క్లియర్ కోట్లు గట్టివి. వాటి మీద చెయ్యి ఎందుకు ఓడిపోతుందో ఒక చిన్న లెక్క చెబుతాను. నా చెయ్యి నిమిషానికి వందసార్లు కదిలి, ఒక్కోసారి ఒక అడుగు వెళ్లిందనుకోండి. నిమిషానికి ముప్పై మీటర్లు. అదీ మొదటి నిమిషం మాట. పదో నిమిషానికి భుజం పీకడం మొదలవుతుంది. అదే రోటరీ మిషన్‌కి ఆరంగుళాల ప్యాడ్ బిగించి 1500 ఆర్‌పీఎం మీద పెడితే, ప్యాడ్ అంచు నిమిషానికి 700 మీటర్లకి పైగా పరిగెడుతుంది. గంటకి 43 కిలోమీటర్లు. బెంజిసర్కిల్ ఫ్లైఓవర్ మీద కారు వెళ్లే వేగంతో ఆ ప్యాడ్ మీ పెయింటుని రాస్తోందన్నమాట. గీతలు పోవడానికి కారణం ఆ వేగమే. ప్రమాదం కూడా ఆ వేగమే. రాపిడికి వేడి పుడుతుంది, వేడికి క్లియర్ కోటు మెత్తబడుతుంది, మెత్తబడ్డ పొర మనం అనుకున్నదానికంటే త్వరగా తెగుతుంది. మిషన్ ఆపి చేత్తో బానెట్ ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించి ఉంచలేకపోతే మీరు ఇప్పటికే ఆలస్యం చేశారు.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. అప్పటికి నేను ఇంకొకరి షెడ్డులో జీతానికి పనిచేస్తున్నాను. ఒక నల్ల కారు వచ్చింది. మర్నాడు వాళ్లింట్లో పెళ్లి, పెళ్లికొడుకు ఆ కారులోనే విడిదికి రావాలి. రాత్రి పదింటికి షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. బానెట్ మధ్యలో ఒక గట్టు లాంటిది ఉంటుంది కదా, బాడీ లైను అంటాం, దాన్ని దాటుతూ మిషన్ కొంచెం వంచాను. ప్యాడ్ మొత్తం ఆనలేదు, అంగుళం ముక్క మాత్రమే గట్టు మీద ఆనింది. మిషన్ బరువు, నా చేతి బరువు ఆ అంగుళం మీదే. ముందు వాసన వచ్చింది, కాలిన ప్లాస్టిక్ వాసన. ఆపి ప్యాడ్ తిప్పి చూశాను. తెల్లటి ఉన్ని ప్యాడ్ మీద ఒక నల్లటి చార. కాళ్లల్లో సత్తువ పోయింది. క్లియర్ కోటు ఉన్న కారుకి ప్యాడ్ మీద రంగు వచ్చిందంటే క్లియర్ కోటు తెగిపోయినట్టే. తుడిచి చూస్తే గట్టు పొడుగునా మూడంగుళాలు మసకగా ఉంది.

ఆ రాత్రే ఇంటాయనకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అరవలేదు. ‘పొద్దున పూలదండ ఆ చోట పడేట్టు కట్టించు బాబూ, పెళ్లయ్యాక చూద్దాం’ అన్నారు. ఆ బానెట్ పెయింటు ఖర్చు మూడు నెలలు నా జీతంలోంచి కట్టాను. డబ్బు మర్చిపోయాను, ఆ మాట మాత్రం మర్చిపోలేదు. అప్పటి నుంచి నేను ఏ కారు మీదా మిషన్ పెట్టే ముందు గట్లకీ, అంచులకీ, రబ్బరు బీడింగులకీ, నల్ల ప్లాస్టిక్‌లకీ టేపు వెయ్యకుండా పని మొదలుపెట్టలేదు. అరగంట పడుతుంది. ఆ అరగంట దండగ అనుకునే కుర్రాడికి నేను మిషన్ ఇవ్వను.

గట్ల మీదే ఎందుకు తెగుతుందంటే, పెయింటు స్ప్రే చేసినప్పుడు తడిగా ఉండగానే గట్టు మీద నుంచి అటూ ఇటూ జారుతుంది. చదునైన చోట నిలిచినంత మందం అక్కడ నిలవదు. పొర పలచగా ఉన్న చోటే ప్యాడ్ భారం ఎక్కువ పడుతుంది. రెండూ ఒకే చోట కలుస్తాయి.

ఇప్పుడు ఈ రెండో మిషన్ చూడండి. డ్యూయల్ యాక్షన్, మన కుర్రాళ్లు డీఏ అంటారు. రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. ఇది తూలుతున్న బొంగరంలా తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది. ఈ మిషన్ ఊపు 15 మిల్లీమీటర్లు. నిమిషానికి 4500 ఊపులు పెడితే ప్యాడ్‌లో ప్రతి చోటూ ఆ ఊపు వల్లే నిమిషానికి 200 మీటర్లు నడుస్తుంది. రోటరీలో అంచు పరిగెడితే నడిమధ్య దాదాపు కదలదు. ఇందులో అంచూ నడుమూ రెండూ పనిచేస్తాయి, వేడి తక్కువ. ఇంకో గుణం ఉంది. దీన్ని గట్టిగా నొక్కితే తిరగడం మానేస్తుంది, ఊగడం మాత్రమే మిగులుతుంది. అంటే మీరు తప్పు చేస్తే అది మొరాయిస్తుంది. రోటరీ మొరాయించదు, పెయింటు తినేస్తుంది. డీఏ తిరుగుతోందో లేదో కంటికి తెలియదు కాబట్టి, ప్యాడ్ వెనక ప్లేటు మీద మార్కరుతో ఒక గీత గీసుకోండి. గీత తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతోంది. ఆగిపోతే మీ చేతి బరువు తగ్గించండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి. సొంత కారు సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లకి కూడా ఇదే చెబుతాను.

రోటరీ పనికిరాదని అనడం లేదు. వాటర్ పేపర్, అంటే నీళ్లతో రుద్దే గరుకు కాగితం, పట్టిన గీతలు తియ్యాలన్నా, కొత్తగా వేసిన పెయింటు మీద గరుకు తియ్యాలన్నా చెయ్యి తిరిగినవాడి చేతిలో దాని పని వేరు. కానీ రోటరీతో మొదలుపెట్టి రోటరీతోనే వదిలేసిన నల్ల కారుని మిట్టమధ్యాహ్నం ఎండలో చూడండి. నీళ్ల మీద పడ్డ నూనెలా చారలు చారలుగా కదులుతూ ఉంటుంది. హోలోగ్రామ్‌లు అంటాం. షెడ్డు నీడలో కనపడవు. కొన్ని చోట్ల ఆ చారల్లో నూనె ఉన్న గ్లేజు నింపి ఇచ్చేస్తారు. రెండు మూడు సార్లు కారు కడిగాక అన్నీ తిరిగి తేలతాయి. యజమాని ఏమో ‘నెలకే షైనింగ్ పోయింది’ అంటాడు. షైనింగ్ పోలేదండి, అసలు రాలేదు. పని అయ్యాక, ఆ నూనెని తీసేసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి, ఒక చోట తుడిపించి, ఎండలో చూడండి. నిజమైన పని అయితే ఏమీ మారదు.

చేతిపని చోట్లు కొన్ని ఉన్నాయి, అక్కడికి మిషన్ని రానివ్వకూడదు. డోర్ హ్యాండిల్ వెనక గిన్నెలా లోతుగా ఉంటుంది చూడండి. కారు మొత్తంలో ఎక్కువ గీతలు ఉండేది అక్కడే. గోళ్లు, ఉంగరాలు, గాజులు, తాళంచెవులు. రెండు వేళ్లకి చిన్న ఫోమ్ ముక్క పెట్టి, శనగగింజంత పాలిష్ వేసి, పది నిమిషాలు కూర్చుని రుద్దితే కొత్తదానిలా వస్తుంది. అలాగే పేరు అక్షరాల చుట్టూ, అద్దం మొదట్లో, కిటికీల మధ్య పిల్లర్ల మీద, బాడీ లైన్ల మీద. గోటితో గీరి చూడండి, గోరు పట్టుకునే గీత ఏదైనా ఉంటే దాన్ని చేత్తో కూడా పూర్తిగా తియ్యాలని చూడొద్దు. అది క్లియర్ కోటులో లోతుగా దిగింది. దాన్ని పాలిష్‌తో తీయాలంటే చుట్టూ ఉన్న పొరని ఆ లోతుకి దించాలి. అంచులు కాస్త మెత్తబరిచి వదిలెయ్యడం తెలివైన పని.

ఇక వ్యాక్స్. దీనికి చెయ్యే మేలని నా అభిప్రాయం. మిషన్‌కి మెత్తటి ప్యాడ్ వేసి తక్కువ వేగంతో వ్యాక్స్ పట్టించొచ్చు, పలచగా పడుతుంది, నిజమే. కానీ మెరుపులో తేడా ఏమీ రాదు. చేత్తో రాస్తే బాడీ మీద ప్రతి జానెడూ వేళ్లకి తగులుతుంది. ఎక్కడ గరుకుగా ఉందో, ఎక్కడ తారు మచ్చ ఉందో, ఎక్కడ చిన్న రాయి తగిలి పెయింటు లేచిందో తెలుస్తుంది. నా కారుకి నేను వ్యాక్స్ రాసుకునే రోజునే దాని ఆరోగ్యం నాకు తెలిసేది.

వ్యాక్స్‌లో పేరున్నది కర్నూబా. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి తీస్తారు. ఎండకి ఆకులోని తడి ఆరిపోకుండా ఆ చెట్టు తయారుచేసుకునే మైనం అది. 82 డిగ్రీలు దాటితే కానీ కరగదు. తేనెమైనం 62, 64 డిగ్రీలకే కరిగిపోతుంది. మన విజయవాడలో ఈ తేడా చిన్నది కాదు. మే నెలలో గాలే 43, 44 ఉంటుంది, ముదురు రంగు రేకు ఎండలో 70 దాటుతుంది, కింద ఇంజను వేడి ఉండనే ఉంది. చవక మెత్తటి మైనాలు ఇక్కడి వేసవికి నిలవవు. కర్నూబా అయినా రెండు నెలలు నిలిస్తే గొప్ప. సింథటిక్ సీలెంట్లు, అంటే మైనానికి బదులు వాడే కృత్రిమ పూతలు, ఇంకాస్త ఎక్కువ నిలుస్తాయి. నేను వేసవి మొదట్లో సీలెంటు, వానలు తగ్గాక కర్నూబా వాడతాను.

రాసే పద్ధతి. నీడలో, చల్లటి బాడీ మీద. ఒక చెంచా మైనం కారు మొత్తానికి సరిపోతుంది. అన్నం మీద నెయ్యి వేసినట్టు వెయ్యొద్దు. ఎంత మందంగా వేసినా పైదంతా గుడ్డకే పోతుంది, తుడవలేక మన చెయ్యి పోతుంది. పలచటి పొర రాసి, మసకగా ఆరాక వేలితో ఒక గీత గీసి చూడండి. గీత గీసిన చోట శుభ్రంగా మెరిస్తే తుడవచ్చు. మరకలా సాగితే ఇంకాస్త ఆగాలి. మన ఉక్కపోత రోజుల్లో మామూలుకంటే ఎక్కువసేపే పడుతుంది, తొందరపడొద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. ఆ సాలెగూడు గీతలు ఎక్కడ నుంచి వచ్చాయి? పాలిష్ షెడ్డులో పడ్డవి కాదు. రోజూ ఉదయం ఆరింటికి మన అపార్ట్‌మెంట్ సెల్లార్లో పడ్డాయి. ఒక బకెట్టు నీళ్లు, ఒక గుడ్డ, పది కార్లు. మొదటి కారు దుమ్ము రెండో కారు మీద, ఆ రెండింటిదీ మూడో కారు మీద. మన దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుక క్లియర్ కోటు కంటే గట్టిది. పదో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ గుడ్డ వాటర్ పేపర్‌తో సమానం. దీనికి తుడిచే మనిషిని తిట్టొద్దండి. ఆయనకి మనం రెండో బకెట్టు కొనిచ్చామా? ఎవరి కారుకి వాళ్ల గుడ్డ ఇచ్చామా? నేను మా అపార్ట్‌మెంట్లో తుడిచే అతనికి నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు బకెట్లు ఇచ్చాను. ఒకదానిలో షాంపూ నీళ్లు, ఇంకోదానిలో మంచినీళ్లు. గుడ్డ కారు మీద నుంచి రాగానే ముందు మంచినీళ్లలో జాడించి, అప్పుడే షాంపూలో ముంచాలి. కింద నేల మీద పడ్డ గుడ్డ ఆ రోజుకి కారు ఎక్కకూడదు. పొడిగా ఉన్న దుమ్ముని పొడి గుడ్డతో ఎప్పుడూ తుడవకూడదు. నీళ్లు లేని రోజు దుమ్ముతోనే నడపండి, ఏమీ కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు మునిగిన కార్లు మన ఆటోనగర్‌కి ఎన్ని వచ్చాయో మీలో చాలామందికి గుర్తుంది. ఇంజన్లు, సీట్లు సరే, అవి పెద్ద నష్టాలు. నాకు బాధ కలిగించింది ఇంకోటి ఉంది. ఎండిన ఒండ్రు గట్టిగా పట్టుకుని ఉంటే, ఇల్లు బాగుచేసుకునే ఆత్రంలో కారుని కూడా చీపురుతో, గోనెపట్టాతో రుద్దేశారు. ఇంజను బాగైంది కానీ బాడీ అంతా గీతలే. ఆ బురదని గంటసేపు నీళ్లతో నాననిచ్చి, పైపుతో కొట్టి ఉంటే ముప్పాతిక భాగం తనంతట తనే జారిపోయేది.

ఇంకో మాట, ఇది మన ఊరికి బాగా సంబంధించింది. కొత్త కారు కొనగానే కొండ మీద అమ్మవారి దగ్గర పూజ చేయిస్తాం. చేయించాలి. ఆ తర్వాత బానెట్ మీద పసుపూ కుంకుమా ఎండిపోతాయి, మనం అరచేత్తో తుడిచేస్తాం. పూజ చేసిన చెయ్యే మొదటి గీత పెడుతుంది. నీళ్లు పోసి కరిగించండి, రుద్దొద్దు. పసుపు మరక ఉండిపోయినా కంగారుపడొద్దు, నాలుగు రోజులు ఎండలో పెడితే వెలిసిపోతుంది. కుంకుమ రంగు అలా పోదు, అదే రోజు సాయంత్రం షాంపూ నీళ్లతో కడగాలి. పూలదండకి లోపల ఇనపతీగ ఉందేమో చూసి కట్టండి. గాలికి ఊగి ఆ తీగ గీసిన గీతలు నేను ఎన్నో చూశాను.

ఇంక ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(ట్రావెల్స్ డ్రైవర్ ఒకరు: అన్నా, మేం కిరోసిన్ గుడ్డతోనో డీజిల్‌తోనో తుడుస్తాం, బాగా మెరుస్తుంది. తప్పా?)

మెరుస్తుంది తమ్ముడూ, గంటసేపు. అది నూనె తడి. దాని మీద హైవే దుమ్మంతా అంటుకుంటుంది, సాయంత్రం ఆ జిడ్డు దుమ్ముని మళ్లీ గుడ్డతో రుద్దుతావు. పైగా వేసిన వ్యాక్స్‌ని కిరోసిన్ కరిగించేస్తుంది. తారు మచ్చ తియ్యడానికి గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి, మచ్చ మీద మాత్రం తుడిచి, వెంటనే షాంపూతో కడిగెయ్. బాడీ మొత్తానికి వద్దు.

(ఒక మహిళ: మా ఇంట్లో బోరు నీళ్లండి. కడిగాక తెల్ల మచ్చలు ఉండిపోతున్నాయి. అవి పాలిష్‌తో పోతాయా?)

పాలిష్ దాకా వెళ్లొద్దమ్మా. అది నీళ్లలోని సున్నం. కొత్త మచ్చ అయితే వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి, మచ్చ మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి. తర్వాత కడిగెయ్యండి. దానికీ పోకపోతే ఎండ ఆ మచ్చని పొరలోకి దింపేసినట్టు, అప్పుడు సన్న పాలిష్. అసలు ఉపాయం ఏమిటంటే బోరు నీళ్లతో కడిగినా ఎండలో కడగొద్దు, నీళ్లు ఆరకముందే తుడిచెయ్యండి. ఆఖరి బకెట్టు మంచినీళ్లు దొరికితే ఇంకా మేలు. పక్షి రెట్టకి కూడా ఇదే, పూట గడవనివ్వొద్దు. తడిగుడ్డ కప్పి మెత్తబడ్డాక ఎత్తెయ్యాలి, గీకకూడదు.

(ఒక యజమాని: సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఇక ఈ వ్యాక్స్ గొడవ ఉండదంటున్నారు.)

నిజమేనండి, సరిగ్గా వేస్తే వ్యాక్స్ కంటే చాలాకాలం నిలుస్తుంది. అది సిలికాతో చేసిన గట్టి పొర, మందం ఒకటి రెండు మైక్రాన్లు. రాయి తగిలితే ఆపదు, తాళంచెవితో గీస్తే ఆపదు. దాని కింద ఏముంటే దాన్ని అద్దంలో పెట్టినట్టు పట్టుకుంటుంది. గీతలు తియ్యకుండా వేస్తే గీతలకే కోటింగ్ వేసినట్టు. తియ్యాలంటే మళ్లీ మిషన్ పెట్టాల్సిందే. అందుకని డబ్బు కోటింగ్ బాటిల్‌కి కాదు, దానికి ముందు చేసే పాలిష్ పనికి ఇస్తున్నామని అనుకోండి. ఆ పని ఎవరు చేస్తారో, ఏ మిషన్‌తో చేస్తారో అడిగి తెలుసుకుని అప్పుడు ఒప్పుకోండి.

(ఒక కుర్రాడు: అన్నా, నేను కొత్తగా షెడ్డులో చేరాను. కస్టమర్ కారు మీద పెట్టాలంటే భయంగా ఉంది.)

భయం ఉండనీ, మంచిదే. ముందు చొక్కా బొత్తాలు, బెల్టు బకిల్, చేతి గడియారం చూసుకో, మిషన్ కంటే ముందు అవే గీస్తాయి. వైరు భుజం మీద నుంచి వెనక్కి వేసుకో, బాడీ మీద ఈడవకూడదు. తడి నేల మీద చెప్పులు లేకుండా మిషన్ పట్టుకోవద్దు. మాస్క్ పెట్టుకో, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కారు మీద పెట్టకముందు రేకుల మీద నేర్చుకో. ఈ బానెట్ నీకే ఇస్తాను, ఎడమవైపు గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. రెండడుగుల చదరం టేపుతో కట్టుకుని, డీఏతో నాలుగుసార్లు వెళ్లి, ఆపి, తుడిచి, టార్చి వేసి చూడు. రేపు పొద్దున ఆరున్నరకి మా షెడ్డుకి రా. ఎండ రాకముందు ఒక చదరం నువ్వు చెయ్యి, పక్క చదరం నేను చేస్తాను.